కాండో లెక్కల దగ్గర మొహమాటం వద్దు

(ఫ్లోరిడాలో కాండోలు, అంటే అపార్టుమెంటు ఫ్లాట్లు, కొనుక్కున్న తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక అకౌంటెంట్ చేసిన ప్రసంగం. మధ్యలో సభ నుంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఇందులో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక మాట అడుగుతాను, చేతులెత్తండి. మీ అసోసియేషన్, అంటే భవనంలోని యజమానుల సంఘం, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒక్కసారైనా కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది? ముగ్గురు. మీ సొంత బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసుకునేవాళ్లు? అందరూ. ఆ రెండు ఖాతాల్లో ఉన్నదీ మీ డబ్బే. ఒకదాన్ని పైసాతో సహా చూసుకుంటాం. రెండోదాన్ని చూడమని ఎవరైనా చెప్పినా, అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటాం. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ రెండో ఖాతా గురించే.

నేను వృత్తిరీత్యా అకౌంటెంట్‌ని. మేముండే కాండోలో ఆరేళ్లు ట్రెజరర్‌గా పనిచేశాను. లాయర్‌ని కాదు. చట్టంలో ఏముందో నాకు తెలిసినంత చెబుతాను. మీకంటూ ప్రత్యేకంగా తగాదా ఉంటే మాత్రం కాండో చట్టం తెలిసిన లాయర్ దగ్గరికి వెళ్లండి.

కాండో కొన్నప్పుడు మనం కొన్నది నాలుగు గోడల లోపలి భాగం అనుకుంటాం. దానితోపాటు పైకప్పులో, పునాదిలో, లిఫ్టులో, నీళ్ల గొట్టాల్లో, పార్కింగ్ కింద ఉన్న కాంక్రీటులో కూడా ఒక వాటా కొన్నాం. ఆ వాటాను చూసుకునే పని అసోసియేషన్‌ది. అసోసియేషన్ తరఫున ఆ పని చేసేది మనం ఎన్నుకున్న బోర్డు. చట్టం దృష్టిలో బోర్డు సభ్యులు ఆ డబ్బుకి యజమానులు కారు, ధర్మకర్తలు. ధర్మకర్త దగ్గర లెక్క అడిగితే ఆయన్ని దొంగ అన్నట్టు కాదు. లెక్క చెప్పడం ఆయన పనిలో భాగం. మనవాళ్లకి ఈ తేడా మనసుకి పట్టడం కష్టం. అడిగేవాడికి మొహమాటం, చెప్పాల్సినవాడికి రోషం. ఈ రెండూ కలిసి ఎన్ని భవనాలను పాడు చేశాయో నేను చూశాను.

సర్ఫ్‌సైడ్ సంగతి మీకందరికీ తెలుసు. 2021 జూన్ 24, అర్ధరాత్రి దాటాక సుమారు ఒంటి గంటా ఇరవై నిమిషాలకు, మయామీ బీచ్ పక్కనే ఉన్న సర్ఫ్‌సైడ్‌లో షాంప్లేన్ టవర్స్ సౌత్ అనే పన్నెండంతస్తుల భవనంలో ఒక భాగం కూలిపోయింది. 98 మంది చనిపోయారు. 1981లో కట్టిన భవనం, 136 యూనిట్లు. ఆ వార్తలు మనం టీవీలో ఇంజినీరింగ్ కథలాగా చూశాం. నేను మాత్రం దాన్ని ఒక అకౌంటెంట్‌గా మళ్లీ మళ్లీ చదివాను.

కూలడానికి మూడేళ్ల ముందే, 2018లో, ఒక ఇంజినీరు రిపోర్టు ఇచ్చాడు. స్విమ్మింగ్ పూల్ డెక్ కింద నీళ్లు దిగకుండా వేసిన పొర పాడైపోయిందనీ, దాని కింద కాంక్రీటు బాగా దెబ్బతిందనీ రాశాడు. బాగు చేయడానికి 9 మిలియన్ డాలర్లకు పైగా అవుతుందని అంచనా. ఆ తర్వాత ఏం జరిగింది? మీటింగులు, వాదనలు. 2019లో బోర్డులో ఎక్కువమంది రాజీనామా చేసి వెళ్లిపోయారు. 2021 ఏప్రిల్ నాటికి ఖర్చు 15 మిలియన్లకు, అంటే కోటిన్నర డాలర్లకు చేరింది. పెద్ద మరమ్మతుల కోసం పక్కన పెట్టే రిజర్వులో ఉన్నదేమో 8 లక్షల లోపు. మిగతాదంతా యజమానుల నెత్తిన స్పెషల్ అసెస్‌మెంట్‌గా, అంటే ఫీజు కాక అదనపు వసూలుగా, పడింది. ఒక బెడ్‌రూమ్ యూనిట్‌కి దాదాపు 80 వేల డాలర్లు, పెంట్‌హౌస్‌కి 3 లక్షల 30 వేలకు పైనే. ఆ డబ్బు కట్టడం మొదలుపెట్టే వేళకే భవనం పోయింది.

అక్కడ డబ్బు ఎవరో కాజేశారని నేను అనడం లేదు. కాజేయకపోయినా ఇంత జరిగిందన్నదే నేను చెప్పదలచుకున్నది. లెక్కల పారదర్శకత అనగానే మనకి దొంగతనం గుర్తొస్తుంది. దొంగతనాలూ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. అంతకంటే ఎక్కువచోట్ల జరిగేది వేరు. రేపు అయ్యే ఖర్చుని ఇవాళ కనిపించకుండా పక్కన పెడతారు. అసోసియేషన్‌కి నెలనెలా కట్టే ఫీజు తక్కువగా ఉందని అందరూ సంతోషిస్తారు. ఆ సంతోషానికి బోర్డూ, యజమానులూ, కొత్తగా అమ్ముకునేవాళ్లూ అందరూ తలా ఒక చెయ్యి వేస్తారు.

చిన్న లెక్క వేద్దాం. వంద యూనిట్ల భవనం అనుకోండి. పైకప్పు మార్చడానికి 6 లక్షల డాలర్లు అవుతుంది, ఇరవై ఏళ్లకోసారి మార్చాలి. ఏడాదికి 30 వేలు పక్కన పెట్టాలి. యూనిట్‌కి ఏడాదికి 300, నెలకు 25 డాలర్లు. ఇది ఎవరికీ భారం కాదు. ఇప్పుడు బోర్డు పదిహేనేళ్లపాటు ఏమీ పెట్టలేదనుకోండి. మిగిలిన ఐదేళ్లలో పెట్టాలంటే నెలకు వంద డాలర్లవుతుంది. పంతొమ్మిదో ఏట దాకా ఎవరూ పట్టించుకోకపోతే ఒక్కో యూనిట్‌కి 6,000 డాలర్ల నోటీసు ఒక్కసారిగా వస్తుంది. ఇది ఒక్క పైకప్పు లెక్క మాత్రమే. దీని మీద కాంక్రీటు, గొట్టాలు, కరెంటు, లిఫ్టులు ఉన్నాయి.

ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఏమిటంటే, పంతొమ్మిదో ఏట ఆ యూనిట్ కొనుక్కున్న కుటుంబం. మొన్న మొన్న వచ్చిన వాళ్లు ఒక్క ఏడాది ఆ కప్పు కింద ఉండి, ఇరవై ఏళ్ల ఖర్చులో పూర్తి వాటా కడతారు. పంతొమ్మిదేళ్లు ఆ కప్పు కింద చల్లగా ఉన్నవాళ్లు ఇల్లు అమ్ముకుని, లాభం తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లు కట్టాల్సినది వీళ్లు కడుతున్నారు. లెక్కలు తెరిచి ఉంటే కొనేముందే ఇది కనపడేది, ధరలో తగ్గించుకునేవాళ్లు. మూసి ఉన్నందువల్లే ఒకరి బాకీ ఇంకొకరి మెడకి చుట్టుకుంది.

ఇదివరకు ఫ్లోరిడాలో యజమానులు ఏటేటా మీటింగ్ పెట్టి, మెజారిటీ ఓటుతో రిజర్వులు వద్దనుకునే వీలుండేది. బ్యాలెట్ పేపర్ వచ్చేది, అందరూ 'వద్దు' అని గీత గీసేవాళ్లు. నేనూ మొదటి రెండేళ్లు అలాగే గీశాను. 2022 మే నెలలో వచ్చిన చట్టం ఆ తలుపు చాలావరకు మూసేసింది. నివాసానికి వాడే మూడంతస్తులు లేదా అంతకు మించి ఉన్న కాండో భవనాలకి, కనీసం పదేళ్లకోసారి నిర్మాణ భద్రత రిజర్వు అధ్యయనం చేయించాలి. దాన్ని ఇక్కడివాళ్లు పొడి అక్షరాల్లో ఎస్‌ఐఆర్‌ఎస్ అంటున్నారు. పైకప్పు, బరువు మోసే గోడలూ ఇతర నిర్మాణం, అగ్నిప్రమాద రక్షణ, నీటి గొట్టాలు, విద్యుత్తు, వాటర్‌ప్రూఫింగ్‌తోపాటు బయటి పెయింటింగ్, కిటికీలూ బయటి తలుపులూ, ఇవి కాక పాడైతే వీటిని దెబ్బతీసే ఖరీదైన వస్తువు ఏదున్నా సరే, ఒక్కొక్కటి ఇంకా ఎన్నేళ్లు ఉంటుంది, మార్చడానికి ఎంతవుతుంది, ఏటా ఎంత పక్కన పెట్టాలి అని రాసివ్వాలి. 2024 డిసెంబరు 31 నుంచి ఆమోదించే బడ్జెట్లలో ఈ పద్దులకి రిజర్వు వద్దు అని ఓటేసుకునే హక్కు మామూలు యజమానుల సంఘాలకి లేదు. భవనానికి 30 ఏళ్లు వచ్చేసరికి, సముద్రానికి దగ్గరగా ఉండి స్థానిక అధికారులు నిర్ణయించినచోట 25 ఏళ్లకే, ఇంజినీరు లేదా ఆర్కిటెక్ట్ వచ్చి మైల్‌స్టోన్ తనిఖీ, అంటే భవనం నిర్మాణం గట్టిగా ఉందో లేదో చూసే తనిఖీ, చేయాలి. ఆ తర్వాత పదేళ్లకోసారి.

ఫీజులు ఒక్కసారిగా పెరగడానికి ఇదొక ముఖ్యమైన కారణం. వచ్చిన కోపం న్యాయమైనదే. రిటైరై స్థిరాదాయం మీద బతికేవాళ్లకి ఇది నిజంగా కష్టం. 2025లో చట్టాన్ని మళ్లీ సవరించి కొంత వెసులుబాటు ఇచ్చారు. యజమానుల మెజారిటీ ఒప్పుకుంటే రిజర్వు కోసం అప్పు లేదా లైన్ ఆఫ్ క్రెడిట్ (కావాల్సినప్పుడు కావాల్సినంత వాడుకునే అప్పు) తీసుకోవచ్చు. మైల్‌స్టోన్ తనిఖీ అయ్యాక మరమ్మతుల కోసం కొంతకాలం రిజర్వు జమలు ఆపుకోవచ్చు. కానీ అప్పు కూడా మనం తీర్చాల్సిందే. మీ బోర్డు 'లోన్ తీసుకుంటున్నాం, ఫీజు పెరగదు' అని చెబితే, వడ్డీ ఎంత, ఎన్నేళ్లు, ఏటా ఎంత కట్టాలి, అది బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఉందో అడగండి.

ఇక కాగితాల సంగతి.

ఫ్లోరిడా చట్టాల్లో 718వ అధ్యాయం కాండోలది. దాని ప్రకారం అసోసియేషన్ రికార్డులు చూసే హక్కు ప్రతి యూనిట్ యజమానికీ ఉంది. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. రాతపూర్వకంగా అడిగితే 10 పనిదినాల్లోపు చూపించాలి. మీ ఫోన్‌తో ఫొటో తీసుకుంటే దానికి రుసుము అడగకూడదు. చూపించకపోతే పదకొండో పనిదినం నుంచి రోజుకి 50 డాలర్ల చొప్పున పది రోజుల దాకా కనీస నష్టపరిహారం చట్టంలోనే రాసి ఉంది. మీరు కోర్టుకెళ్లి గెలిస్తే మీ లాయర్ ఫీజు కూడా వాళ్ల మీదే పడే వీలుంది. 2024లో దీన్ని ఇంకా గట్టి చేశారు. రికార్డులు అడిగినప్పుడు ఏవి ఇస్తున్నామో, ఏవి ఇవ్వడం లేదో ఒక జాబితా కూడా ఇవ్వాలి. కావాలని, తెలిసి, పదే పదే ఇవ్వకపోతే నేరమవుతుంది. నేరాన్ని కప్పిపుచ్చడానికి రికార్డులు దాచిపెడితే ఫెలనీ, అంటే పెద్ద నేరం, అవుతుంది.

'రికార్డులు' అని మాత్రం రాయకండి. అలా రాస్తే మీకు ఒక పెద్ద అట్టపెట్టె చూపించి 'వెతుక్కోండి' అంటారు. పేరు పెట్టి అడగండి. గత పన్నెండు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, రోజువారీ ఖర్చుల ఆపరేటింగ్ ఖాతావీ రిజర్వు ఖాతావీ రెండూ. జనరల్ లెడ్జర్, అంటే జమాఖర్చులన్నీ రాసే పుస్తకం. ఇన్‌వాయిస్‌లు, రశీదులు, డిపాజిట్ స్లిప్పులు. పెద్ద కాంట్రాక్టులు, వాటికి వచ్చిన బిడ్లు. ఆఖరి ఆడిట్. ఇవన్నీ చట్టం పేరు పెట్టి చెప్పినవే. జమాఖర్చుల కాగితాలు 7 ఏళ్లు భద్రపరచాలి. ఉద్యోగుల సొంత ఫైళ్లు, లాయర్‌తో గోప్యంగా జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, పొరుగువాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు, వైద్య వివరాలు మాత్రం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పక్కింటివాళ్ల గుట్టు మనకి అక్కర్లేదు, మన డబ్బు లెక్క చాలు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. నేను ట్రెజరర్ అయిన మొదటి రెండేళ్లు మేనేజ్‌మెంట్ కంపెనీ ప్రతి నెలా ఒక పేజీ నివేదిక పంపేది. జమ, ఖర్చు, నిల్వ. రిజర్వు 2 లక్షల 10 వేలు అని ఉండేది. నేను అకౌంటెంట్‌ని కదా, చూడగానే కూడికలు, తీసివేతలు అన్నీ సరిపోయాయి. సంవత్సర సమావేశంలో లేచి నిలబడి 'మన రిజర్వులో 2 లక్షల 10 వేలు ఉన్నాయి' అని అందరికీ చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాతి ఏడు లిఫ్టు ఆగిపోయింది. బాగు చేయడానికి డబ్బు తీద్దామని బ్యాంకుని అడిగితే, ఖాతాలో ఉన్నది లక్షా 22 వేలు. 88 వేలు లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరో తినేశారనుకున్నాను. తినలేదు. ఇన్సూరెన్స్ ప్రీమియం పెరిగినప్పుడు, నీళ్ల బిల్లు కట్టాల్సినప్పుడు ఆపరేటింగ్ ఖాతాలో చాలక, మేనేజర్ రిజర్వు నుంచి తీసి కట్టేశాడు. పుస్తకంలో 'ఆపరేటింగ్ నుంచి రిజర్వుకి రావాల్సిన బాకీ' అని రాసుకున్నాడు. కాబట్టి పుస్తకం ప్రకారం 2 లక్షల 10 వేలు ఉన్నట్టే. కానీ మన కుడి చెయ్యి మన ఎడమ చేతికి బాకీ ఉంటే ఆ బాకీ ఎవరు తీరుస్తారు? మళ్లీ మనమే. రిజర్వు డబ్బు వేరే పనికి వాడాలంటే ముందుగా యజమానులందరిలో మెజారిటీ ఒప్పుకోవాలి. అలాంటి ఓటు ఏదీ జరగలేదు. బోర్డుకి కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు. నేను జనం ముందు చెప్పిన అంకె పుస్తకంలో ఉన్న అంకె. బ్యాంకులో ఉన్న అంకెను నేను చూడనేలేదు.

నేను సమావేశం పెట్టించి, ఉన్నదున్నట్టు చెప్పి, క్షమించమని అడిగాను. మా 96 యూనిట్లలో ఒక్కొక్కరూ నెలకు సుమారు 38 డాలర్ల చొప్పున రెండేళ్లు కట్టి ఆ బాకీ పూడ్చారు. ఒక పెద్దాయన ఆ రోజు మీటింగ్‌లో ఒక మాటన్నారు. 'బాబూ, రెండేళ్ల కిందట నేను స్టేట్‌మెంట్ అడుగుదామనుకున్నాను. నువ్వు మంచివాడివి కదా, నొచ్చుకుంటావేమోనని అడగలేదు.' ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆయన అడిగి ఉంటే 20 వేల దగ్గరే ఆగేది. అందుకే నేను ఎవరితోనైనా చెబుతాను, మీ ట్రెజరర్ మంచివాడైతే ఆయన్ని తప్పకుండా అడగండి. మంచివాడికే అడిగేవాళ్లు కావాలి.

ఆ తర్వాత మేము చేసిన పని చాలా చిన్నది. బ్యాంకుతో మాట్లాడి, బోర్డు సభ్యులందరికీ ఖాతాను చూడటానికి మాత్రమే వీలుండే లాగిన్ తీసుకున్నాం. ప్రతి నెలా రిజర్వు ఖాతా స్టేట్‌మెంట్ మొదటి పేజీని నివేదికతోపాటు యజమానులందరికీ పంపడం మొదలుపెట్టాం. రెండు అంకెలు పక్కపక్కన. ఒకటే అయితే సరే, కాకపోతే ఎందుకు కాదో కింద రెండు వాక్యాలు. దీనికి చట్టం అక్కర్లేదు, ఖర్చూ లేదు.

(సభలో ఒకావిడ: 'అన్నయ్యా, నేను మా బోర్డుని ఇన్‌వాయిస్‌లు అడిగాను. అడిగిన వారానికే నా బాల్కనీలో కుండీలున్నాయని నోటీసు వచ్చింది. ఆరేళ్లుగా ఉన్న కుండీలవి. మళ్లీ అడగాలంటే భయమేస్తోంది.')

అమ్మా, మీ భయం నిజమైనదే. చాలామంది ఇదే చెప్పారు. 2024 చట్టంలో దీని గురించి ఉంది. రికార్డులు అడిగినందుకో, ప్రభుత్వ శాఖకి ఫిర్యాదు చేసినందుకో, మీటింగ్‌లో విమర్శించినందుకో యజమాని మీద కక్ష తీర్చుకోకూడదు. జరిమానాలు, సేవలు తగ్గించడం, కోర్టుకి ఈడ్చడం, బెదిరించడం, ఇవి ఏవీ చేయకూడదు. ఇలాంటి కారణాలతో మనమీద కేసు వేయడానికి అసోసియేషన్ డబ్బు ఖర్చు పెట్టకూడదు. మీరు చేయాల్సిందల్లా తేదీలు రాసిపెట్టుకోవడం. మీరు ఉత్తరం పంపిన తేదీ, నోటీసు వచ్చిన తేదీ, ఆరేళ్ల కిందటి ఫొటోలో ఆ కుండీలు ఉంటే ఆ ఫొటో. ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి, ఈమెయిల్ కూడా పెట్టండి. ఇంకోమాట, ఒక్కరే వెళ్లకండి. ఇద్దరు ముగ్గురు యజమానులు కలిసి ఒకే ఉత్తరం మీద సంతకం పెడితే కుండీల నోటీసులు పంపడం కష్టమవుతుంది. అప్పటికీ కదలకపోతే రాష్ట్రంలో కాండోల శాఖ ఉంది, యజమానులకీ బోర్డులకీ మధ్య తగాదాల్లో సాయపడే కాండోమినియం ఆంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. లాయర్ కంటే ముందు అక్కడికి వెళ్లొచ్చు.

దొంగతనాల సంగతి చెబుతానన్నాను. దీన్ని సాగదీయను, ఎందుకంటే దొంగ పద్ధతులు కొన్నే, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. బంధువు కంపెనీకి కాంట్రాక్టు. చేయని పనికి బిల్లు. ఒకే పనికి రెండు ఇన్‌వాయిస్‌లు. అసోసియేషన్ కార్డు మీద సొంత ఖర్చులు. వీటిలో ప్రతిదానికీ చట్టంలో ఒక గొళ్లెం ఉంది. అసోసియేషన్ పేరు మీద ఉన్న డెబిట్ కార్డుతో అసోసియేషన్ ఖర్చులు కట్టడమే నిషిద్ధం. రిజర్వుతో కలిపి మొత్తం బడ్జెట్‌లో 5 శాతం మించిన కాంట్రాక్టుకి పోటీ బిడ్లు పిలవాలి. తక్కువ ధరవాడికే ఇవ్వాలని లేదు, లాయర్లు, అకౌంటెంట్లు, ఇంజినీర్ల లాంటి వృత్తి సేవలకి ఈ నియమం వర్తించదు. డైరెక్టర్‌కో ఆయన బంధువుకో ఆ కంపెనీలో స్వలాభం ఉంటే ముందే చెప్పాలి, ఎజెండాలో పెట్టాలి, మిగతా డైరెక్టర్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. కమీషన్ తింటే ఫెలనీ. అసోసియేషన్ చేతిలో ఉండే గరిష్ఠ మొత్తానికి సరిపడా ఫిడెలిటీ ఇన్సూరెన్స్, అంటే డబ్బు చూసేవాళ్లే కాజేస్తే ఆదుకునే బీమా, కూడా ఉండాలి. డబ్బు పోతే వెనక్కి రావడానికి ఇదొక ముఖ్యమైన దారి, కాబట్టి ఆ పాలసీ అంకెనీ బ్యాంకు నిల్వనీ ఏడాదికోసారి పోల్చి చూడండి. నేను చూసిన రెండు మూడు చోట్ల పాలసీ పదేళ్ల నాటి అంకె దగ్గరే ఉండిపోయింది.

సంవత్సరాంతపు నివేదిక గురించి. అసోసియేషన్ ఏడాది ఆదాయాన్ని బట్టి నివేదిక స్థాయి మారుతుంది. లక్షన్నర డాలర్ల లోపైతే జమాఖర్చుల నివేదిక చాలు. లక్షన్నర నుంచి మూడు లక్షల లోపు కంపైల్డ్. మూడు నుంచి ఐదు లక్షల లోపు రివ్యూ. ఐదు లక్షలు, ఆపైన అయితే పూర్తి ఆడిట్. ఈ మాటలు ఒకేలా వినిపిస్తాయి కానీ తేడా చాలా ఉంది. కంపైల్డ్ అంటే బోర్డు ఇచ్చిన అంకెల్ని అకౌంటెంట్ పద్ధతిగా సర్దిపెట్టాడు, అంతే. నిజమా కాదా అని చూడలేదు. రివ్యూలో కొన్ని ప్రశ్నలు అడుగుతాడు, అంకెలు పొంతనగా ఉన్నాయా అని చూస్తాడు. ఆడిట్‌లో మాత్రమే బ్యాంకుని నేరుగా అడిగి నిల్వ ధ్రువీకరించుకుంటాడు, ఇన్‌వాయిస్‌లు తీసి పరీక్షిస్తాడు. మా భవనంలో 88 వేల సంగతి జరిగిన ఏళ్లలో, ఖర్చు మిగులుతుందని యజమానులు ఓటేసి ఆడిట్ స్థాయిని తగ్గించుకున్నారు. ఆ ఓటు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కొన్ని వేల డాలర్లు మిగుల్చుకున్నాం, 88 వేల లోటు కనిపించకుండా చేసుకున్నాం. మీ దగ్గర అలాంటి ఓటు కాగితం వస్తే ఆలోచించి గీత గీయండి.

ఆ నివేదిక చేతికొచ్చాక అన్నీ చదవక్కర్లేదు. నేనైతే మొదట బ్యాలెన్స్ షీటులో 'డ్యూ టు', 'డ్యూ ఫ్రమ్' (ఒక ఖాతా ఇంకో ఖాతాకి ఉన్న బాకీ) అన్న మాటలు వెతుకుతాను, మా కథ దాక్కున్నది అక్కడే. ఆ తర్వాత ఫీజు కట్టనివాళ్ల బాకీల మొత్తం చూస్తాను. అది ఏటేటా పెరుగుతుంటే మిగతావాళ్లు వాళ్ల భారం మోస్తున్నట్టే. ఆఖరున కింద ఉన్న నోట్స్ చదువుతాను. చిన్న అక్షరాల్లో ఉంటాయి, అసలు సంగతులన్నీ వాటిలోనే ఉంటాయి. కోర్టు కేసులు, అప్పులు, రిజర్వు అధ్యయనంలో చెప్పినదానికీ ఉన్నదానికీ తేడా.

(వెనుక వరుస నుంచి ఒక అబ్బాయి: 'మేము ఇప్పుడే టాంపాలో కాండో చూస్తున్నాం. ఇంకా యజమానులం కాదు. మమ్మల్ని ఎవరు చూడనిస్తారు?')

మంచి ప్రశ్న. అమ్మేవాళ్లు మీకు ఇవ్వాల్సిన కాగితాల జాబితా చట్టంలో ఉంది. డిక్లరేషన్ (కాండోని ఏర్పాటు చేసిన పత్రం), బైలాస్ (అసోసియేషన్ నడిచే పద్ధతి), నియమాలు, బడ్జెట్, సంవత్సరాంతపు ఆర్థిక నివేదిక, మైల్‌స్టోన్ తనిఖీ జరిగి ఉంటే దాని సారాంశం, రిజర్వు అధ్యయనం. ఇవి చేతికి వచ్చాక కొద్ది రోజుల గడువులో ఒప్పందం రద్దు చేసుకునే హక్కు మీకుంటుంది. ఆ గడువు మీ ఒప్పందంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి, చూసుకోండి. వంటగది గ్రానైట్ చూసినంతసేపు రిజర్వు అధ్యయనం చూడండి. ఏటా ఎంత పెట్టాలని అందులో ఉందో, బడ్జెట్‌లో ఎంత పెట్టారో ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి. గత రెండేళ్ల బోర్డు మీటింగ్ మినిట్స్ కూడా అమ్మేవాళ్లని అడిగించండి. 'పైకప్పు గురించి మరోసారి చర్చ' అని నాలుగు మీటింగుల్లో వరుసగా కనిపిస్తే ఆ కప్పు ఖర్చు మీదే అని అర్థం. ఫీజు పక్క భవనం కంటే బాగా తక్కువగా ఉంటే సంతోషపడకండి, ఎందుకు తక్కువో కనుక్కోండి. బ్యాంకులు కూడా ఇదే చూస్తున్నాయి. బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే అనే సంస్థ నియమాల్లో, బడ్జెట్‌లో కనీసం ఇంత శాతం రిజర్వుకి పోవాలన్న షరతు ఉంది. అది లేని భవనంలో మీకు లోన్ దొరకడమూ కష్టం, రేపు అమ్ముకోవడమూ కష్టం.

వెబ్‌సైట్ గురించి మర్చిపోయాను. 150 యూనిట్లు, అంతకంటే ఎక్కువ ఉన్న కాండోలకి ఇది పాత నియమమే. 2026 జనవరి 1 నుంచి 25 యూనిట్లు, అంతకంటే ఎక్కువ ఉన్నవాటికీ వర్తిస్తుంది. యజమానులు లాగిన్ అయి చూసుకునేలా బడ్జెట్, ఆర్థిక నివేదికలు, కాంట్రాక్టులు, మీటింగ్ నోటీసులు, తనిఖీ రిపోర్టులు అక్కడ పెట్టాలి. మీ భవనం ఈ లెక్కలోకి వస్తే ఇంటికెళ్లి లాగిన్ అయి చూడండి. లాగిన్ ఇవ్వలేదంటే ఆ సంగతే మొదటి ఉత్తరంలో రాయండి. బోర్డుకి ఎన్నికైనవాళ్లు 90 రోజుల్లోపు నాలుగు గంటల శిక్షణ తీసుకోవాలన్న నియమం కూడా వచ్చింది. ఆ సర్టిఫికెట్ కూడా మనం అడిగి చూడొచ్చు.

(ఒక పెద్దాయన: 'ఇవన్నీ వింటుంటే బోర్డులో చేరేవాడు ఉండడేమో బాబూ. జీతం లేని పనికి ఇంత తంటా ఎందుకని అంటారు.')

అదీ నిజమే, నేను కాదనను. బోర్డులో ఉండేవాళ్లలో ఎక్కువమంది సాయంత్రాలు, వారాంతాలు వదులుకుని పనిచేసేవాళ్లు. ఆరేళ్లలో నా పిల్లల సంగీతం క్లాసులు ఎన్ని తప్పిపోయాయో మా ఆవిడకి తెలుసు. కానీ లెక్కలు మూసి ఉన్న రెండేళ్లలో నాకు వచ్చిన ఫోన్ల కంటే తెరిచాక వచ్చిన ఫోన్లు చాలా తక్కువ. మూసి ఉన్నప్పుడు పుకార్లకి జవాబు చెప్పుకోవాలి. తెరిచాక 'మూడో పేజీ చూడండి' అంటే సరిపోయేది. నిజాయితీగా పనిచేసే బోర్డు సభ్యుడికి ఈ నియమాలు కాపలా కాసే గోడ. రేపెప్పుడో ఎవరో వేలెత్తి చూపితే, ఆ వారమే పంపిన స్టేట్‌మెంట్ ఆయన తరఫున మాట్లాడుతుంది. అయ్యా, మీరు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారని విన్నాను. మీలాంటివాళ్లు బోర్డులో ఉండాలి. వచ్చే ఎన్నికల్లో నిలబడండి.

చాలా భవనాల్లో ఆర్థిక సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. కాబట్టి బడ్జెట్ మీటింగులు అక్టోబరు, నవంబరుల్లో ఉంటాయి. కనీసం 14 రోజుల ముందు నోటీసూ, బడ్జెట్ ప్రతీ మీకు అందాలి. ఆ కవరు రాగానే పక్కన పడేయకండి. రిజర్వు పద్దు ఎక్కడుందో చూసి, అదే రోజు స్టేట్‌మెంట్ల కోసం ఉత్తరం పంపితే, మీటింగ్ సమయానికి పది పనిదినాల గడువు దాదాపు పూర్తవుతుంది. కాగితాలు చేతిలో పెట్టుకుని మీటింగ్‌లో కూర్చోవచ్చు. నేను వాడిన ఉత్తరం నమూనా తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. ఖాళీల్లో మీ యూనిట్ నంబరూ తేదీ రాసుకుంటే చాలు. ఇద్దరు ముగ్గురికి సరిపడా తీసుకెళ్లండి, మీ అంతస్తులో వాళ్లకి కూడా ఇవ్వండి. ఆ మూడో వరుసలో చెయ్యెత్తిన అమ్మగారూ, మీరు అడగండి.